గైడు లేకుండా అనాటమీ, ఫిజియాలజీ: ఉన్న ఆరు వారాల్లో ఎలా చదవాలి?

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటాను. యూనివర్సిటీ పరీక్షకు ఆరు వారాలే ఉంది. సీనియర్లు వాడే గైడు నా దగ్గర లేదు, ఇప్పుడు కొనే పరిస్థితి కూడా లేదు. టెక్స్ట్‌బుక్ లైబ్రరీది. అనాటమీలో (శరీర నిర్మాణం) పేర్లు నిలవవు. ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు) చదివేటప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, రెండు రోజులకు ఏమీ మిగలదు. ‘ఇంపార్టెంట్ ప్రశ్నల’ జిరాక్స్ కట్ట ఒకటి అమ్ముతున్నారు. అదైనా తీసుకోమంటారా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: ముందు ఆ జిరాక్స్ కట్ట సంగతి. తీసుకోవద్దమ్మా. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి తీసి, బొమ్మలో గీత ఏ భాగం దగ్గర ఆగిందో కూడా కనపడకుండా పోతుంది. జవాబు ఎవరు రాశారో, దిద్దించుకున్నారో లేదో తెలియదు. పైగా గైడు అనే దాంట్లో ఉండేవి మూడే: సిలబస్‌ని ప్రశ్నలుగా విడగొట్టిన జాబితా, పాత ప్రశ్నపత్రాలు, కుదించిన జవాబులు. మొదటి రెండూ మీకు ఖర్చు లేకుండా దొరుకుతాయి. మూడోది ఎవరు రాసిచ్చినా మీరు మళ్లీ రాసుకోక తప్పదు, కాబట్టి నేరుగా అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

సిలబస్ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. మొదటి సెమిస్టర్ అనాటమీ, ఫిజియాలజీ పేజీలు మాత్రం ప్రింటు తీయించుకోండి. సెమిస్టర్ పద్ధతి 2021–22లో చేరిన వాళ్లతో మొదలైంది. మీకు రెండు సబ్జెక్టులూ కలిపి ఒకే పేపరు: మూడు గంటలు, 75 మార్కులు. అందులో అనాటమీకి 37, ఫిజియాలజీకి 38. మిగతా 25 ఇంటర్నల్. పాత ప్రశ్నపత్రాలు కాలేజీ లైబ్రరీలోనో, సీనియర్ల దగ్గరో ఉంటాయి. ఐదేళ్లవి చాలు. అంతకుముందు సంవత్సరానికి ఒక పరీక్ష ఉన్న రోజుల పేపర్లు దొరికినా పారేయకండి. వాటి ప్రశ్నలు పనికొస్తాయి, మార్కుల విభజన మాత్రం పట్టించుకోవద్దు.

ఇప్పుడు సిలబస్‌లోని ప్రతి వాక్యం పక్కన, పాత పేపర్లలో అది ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టండి. రెండు సాయంత్రాల పని. మూడు గీతలు దాటినవి మొదట చదవాలి. గీతల్లేని వాటిని పూర్తిగా వదిలేయకూడదు. బిట్లు, రెండు మార్కుల ప్రశ్నలు ఆ మూలల్లోంచే వస్తాయి. వాటికి నిర్వచనం, ఒక ఉదాహరణ తెలిస్తే సరిపోతుంది.

తెలుగు మీడియం అని మీరు భయపడుతున్నారు కానీ, మీ దగ్గర మంచి పుస్తకం ఒకటి ముందే ఉండాలి: ఇంటర్ రెండో సంవత్సరం జంతుశాస్త్రం. జీర్ణక్రియ, శ్వాసక్రియ, రక్తప్రసరణ, విసర్జన, కండరాలు, అస్థిపంజరం, నాడీ వ్యవస్థ, అంతస్స్రావక గ్రంథులు, రోగనిరోధకత, ప్రత్యుత్పత్తి అన్నీ అందులో ఉన్నాయి. ఏ పాఠానికైనా ముందు అందులోని పేజీలు తెలుగులో ఒకసారి చదవండి. తర్వాత లైబ్రరీ పుస్తకం తెరవండి. ‘కర్ణిక’ ఏట్రియం, ‘జఠరిక’ వెంట్రికిల్, ‘పునఃశోషణ’ రీఅబ్జార్ప్షన్ అని జత కలిసిపోతే, ఇంగ్లిషు పేజీ సగం భయం తగ్గిపోతుంది. ఊళ్లో ఉంటే ఇంటినుంచి ఆ పుస్తకం పంపమనండి.

ఇక అసలు పని. రెండు దస్తాల తెల్ల ఠావులు కొనండి. ఒక్కో అంశానికి ఒక్కో ఠావు. మధ్యకు మడిస్తే నాలుగు పుటలవుతాయి. మొదటి పుటలో అది ఎక్కడుంది, ఎలా ఉంటుంది. రెండో పుటలో అది ఎలా పనిచేస్తుంది. మూడో పుటలో అది చెడితే రోగిలో ఏం కనపడుతుంది, నర్సు ఏం గమనించాలి. నాలుగో పుట ఖాళీ. మూడో పుట ఎందుకంటే, మీ సబ్జెక్టుల పేర్లలో ‘అప్లయిడ్’ అనే మాట ఊరికే పెట్టలేదు. చాలామంది రెండో పుట దగ్గరే ఆగిపోతారు, అందుకే వాళ్ల జవాబులు ఇంటర్ జవాబుల్లా ఉంటాయి.

మూత్రపిండం ఠావు ఎలా ఉండాలో చూడండి. మొదటి పుటలో నిలువుకోత బొమ్మ, దాని పక్కన నెఫ్రాన్ (రక్తాన్ని వడగట్టి మూత్రం తయారుచేసే సన్నని గొట్టం) బొమ్మ. పొడవు 11–12 సెంటీమీటర్లు. 12వ థొరాసిక్ (ఛాతీ భాగం) వెన్నుపూస నుంచి 3వ లంబార్ (నడుము భాగం) వెన్నుపూస దాకా. కుడి మూత్రపిండం కొంచెం కిందికి ఉంటుంది, పైన కాలేయం ఉంది కాబట్టి. ఆ ‘కాబట్టి’ని కూడా రాయండి. కారణంతో పాటు గుర్తుపెట్టుకున్నది తారుమారు కాదు.

రెండో పుటలో వడపోత. గ్లోమెరులస్‌లో (నెఫ్రాన్ మొదట్లో ఉండే సన్నని రక్తనాళాల ముద్ద) రక్తం నెట్టే పీడనం 55 మిల్లీమీటర్ల పాదరసం. రక్తంలోని ప్రొటీన్లు వెనక్కి లాగే పీడనం 30. దాని చుట్టూ గిన్నెలా ఉండే బౌమన్ గుళికలో ఉన్న ద్రవం అడ్డుపడేది 15. మిగిలింది 10. ఇంకో పుస్తకంలో 60, 32, 18 అని ఉంటుంది, అక్కడా మిగిలేది 10నే. ఇలా అంకెలు తేడాగా కనపడ్డప్పుడు కంగారుపడి రెండూ కలిపి రాసేస్తారు. ఒక పుస్తకం అంకెలు పట్టుకుని చివరిదాకా వాటితోనే ఉండండి. ఇప్పుడు లెక్క: నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోత జరుగుతుంది, రోజుకు 1,440 నిమిషాలు, గుణిస్తే 180 లీటర్లు. మనకొచ్చే మూత్రం లీటరు, లీటరున్నర. అంటే 99 శాతం తిరిగి రక్తంలోకే వెళ్లింది. ఎక్కడ వెళ్లింది? దగ్గరి మెలికల నాళికలో గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు దాదాపు మొత్తం, నీరు, సోడియం సుమారు మూడింట రెండు వంతులు. నాళిక చివరి భాగంలో ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ చెప్తే సోడియం, ఏడీహెచ్ అనే హార్మోన్ చెప్తే నీరు. ఈ పుట మొత్తం బాణం గుర్తులతో రాయండి, పేరాలు వద్దు.

మూడో పుటలో ఒక రోగి. మే నెల ఎండలో పనిచేసి నీళ్లు తాగక పడిపోయిన మనిషిని తీసుకొచ్చారనుకోండి. ఒంట్లో ద్రవం తగ్గింది, రక్తపీడనం తగ్గింది, మూత్రపిండం రెనిన్ అనే ఎంజైమ్ వదిలింది, దాంతో ఆంజియోటెన్సిన్, దాంతో ఆల్డోస్టిరాన్. ఇటు మెదడు ఏడీహెచ్ వదిలింది. నీరు, ఉప్పు వెనక్కి పోయాయి. ఫలితం: మూత్రం కొంచెంగా, ముదురు రంగులో. పెద్దవాళ్లకు గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలి. కిందనే ఇంకో గొలుసు: రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే నాళిక మొత్తాన్నీ వెనక్కి తీసుకోలేదు, మిగిలింది మూత్రంలో పోతుంది, పోతూ పోతూ తనతో నీటినీ లాక్కుపోతుంది. షుగర్ రోగికి మూత్రం ఎక్కువ, దాహం ఎక్కువ అవడం ఇందుకే. ‘మూత్రం ఎలా తయారవుతుందో వివరించండి’ అన్న పది మార్కుల ప్రశ్న వస్తే, ఈ మూడు పుటలే జవాబు.

నాలుగో పుట మీ మతిమరుపుకు మందు. చదివింది రెండు రోజులకు పోతోందంటే, మీరు చదవడం మాత్రమే చేస్తున్నారు. చూసింది పరిచయంగా ఉంటుంది, పరిచయాన్ని మనసు ‘వచ్చేసింది’ అనుకుంటుంది. పరీక్షలో మాత్రం కాగితం తెల్లగా ఉంటుంది. కాబట్టి ఠావు రాసిన మర్నాడు, మూసిపెట్టి, నాలుగో పుట మీద బొమ్మా గొలుసూ చూడకుండా రాయండి. పది నిమిషాలు చాలు. తెరిచి చూసి తప్పినవి ఎర్ర ఇంకుతో దిద్దుకోండి. మళ్లీ మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు రఫ్ కాగితాల మీద. తేదీలు ఠావు మూలన వేసుకుంటే ఏ రోజు ఏది తీయాలో వెతుక్కోనక్కర్లేదు. ఏడో రోజు కూడా అదే చోట తప్పుతుంటే అక్కడ కంఠస్థం పనిచేయదు, అర్థంకాని ముక్క ఏదో ఉంది. ఆ ఒక్క ముక్క పట్టుకెళ్లి మేడమ్‌ని అడగండి. ‘కిడ్నీ అర్థం కాలేదు’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ‘ప్రొటీన్లు నీటిని వెనక్కి ఎందుకు లాగుతాయి’ అంటే రెండు నిమిషాల్లో చెప్తారు.

ఫిజియాలజీలో అంకెల్ని బట్టీ కొట్టకుండా లెక్క కట్టడం అలవాటు చేసుకోండి. నిమిషానికి 72 సార్లు, ఒక్కోసారికి 70 మిల్లీలీటర్లు: గుండె నిమిషానికి పంపేది 5 లీటర్లు. నిమిషానికి 75 కొట్టుకుంటే ఒక్కో కొట్టుకు 0.8 సెకను. ఊపిరి లెక్క ఇంకా బాగుంటుంది. ఒక్క శ్వాసకు 500 మిల్లీలీటర్లు, నిమిషానికి 12 సార్లు, మొత్తం 6 లీటర్లు. కానీ ప్రతి శ్వాసలో 150 మిల్లీలీటర్లు గొట్టాల్లోనే ఉండిపోతాయి, వాయుగోణుల (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి తిత్తులు) దాకా చేరవు. చేరేది 350 చొప్పున 4.2 లీటర్లు. ఇప్పుడు ఒక రోగి 250 చొప్పున నిమిషానికి 24 సార్లు పైపైన ఊపిరి తీస్తున్నాడు. మొత్తం అదే 6 లీటర్లు. చేరేది మాత్రం 100 చొప్పున 2.4 లీటర్లే. గబగబా ఊపిరి తీస్తున్నాడు కదా, గాలి బాగానే అందుతోందనుకుంటే ఎంత పొరపాటో ఈ లెక్క చెప్తుంది. ఆపరేషన్ అయిన రోగితో నెమ్మదిగా, లోతుగా ఊపిరి తీయించడం వెనకా ఇదొక కారణం. వార్డులో రేపు మీకు ఇది పనికొస్తుంది, పరీక్ష కంటే ఎక్కువగా.

అనాటమీకి మీ ఒళ్లే పుస్తకం. గొంతు గుంట కింద, ఛాతీ ఎముక మీద వేలు కిందికి జరిపితే ఒక గట్టు తగులుతుంది, అదే స్టెర్నల్ యాంగిల్. రెండో పక్కటెముక అక్కడ అతుకుతుంది. అక్కణ్నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఐదో సందు, కాలర్ ఎముక మధ్య గీత మీద గుండె చివర కొట్టుకునే చోటు. నడుముకు రెండు పక్కలా ఎముక అంచు మీద చేతులు పెడితే, ఆ రెండింటినీ కలిపే గీత నాలుగో లంబార్ వెన్నుపూస దగ్గర పోతుంది. వెన్నుపాము మొదటి, రెండో లంబార్ దగ్గరే ముగుస్తుంది గనుక, వెన్ను నుంచి నీరు తీసే సూది ఆ కింద పెడతారు. రూమ్మేట్‌తో కలిసి ఇలా ఒక్కో చోటూ తాకి, పేరు పైకి అనండి. పిరుదు ఇంజెక్షన్ పై బయటి భాగంలోనే ఎందుకు? కాలికి వెళ్లే పెద్ద నరం, సయాటిక్ నరం తప్పించడానికి. పిల్లలు మింగబోయిన గింజ ఎక్కువగా కుడి ఊపిరితిత్తి వైపే ఎందుకు పోతుంది? కుడి బ్రాంకస్ (ఊపిరితిత్తికి గాలి తీసుకెళ్లే గొట్టం) వెడల్పు, పొట్టి, నిటారు. ఆడవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎందుకు ఎక్కువ? మూత్రాన్ని బయటికి పంపే నాళం (యురెత్రా) పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. ఇలాంటివి మూడో పుటకు వెళ్తాయి.

పేర్లు నిలవట్లేదన్నారు. వాటిని ముక్కలు చేయండి. స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ అంటే ఛాతీ ఎముక, కాలర్ ఎముకల నుంచి చెవి వెనక మాస్టాయిడ్ దాకా పోయే కండరం. పేరులోనే జవాబుంది. బైసెప్స్ బ్రేకియై: రెండు తలలున్న, పై చేతి కండరం.

ఒక ప్రమాదం తెలుగులో నోట్స్ రాసుకునేవాళ్లకే వస్తుంది. తెలుగులో ‘ఇలియం’ అని రాస్తే రెండు వేర్వేరు భాగాలు ఒకటైపోతాయి. ఐ–ఎల్–ఐ–యు–ఎం అంటే తుంటి ఎముకలో భాగం. ఐ–ఎల్–ఈ–యు–ఎం అంటే చిన్నపేగు చివరి భాగం. యురీటర్, యురెత్రా కూడా అంతే: మొదటిది మూత్రపిండం నుంచి మూత్రపు సంచికి, రెండోది ఆ సంచి నుంచి బయటికి. వివరణ తెలుగులో రాసుకోండి, భాగం పేరు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే. ఇలాంటి జంటలన్నీ ఒక ఠావు మీద విడిగా పెట్టుకోండి.

ఇంగ్లిషు వాక్యాలకు ఇరవై క్రియలు వస్తే గట్టెక్కుతారు: ఫిల్టర్స్, సెక్రీట్స్, అబ్జార్బ్స్, క్యారీస్, స్టిమ్యులేట్స్, ఇన్హిబిట్స్, ఇంక్రీసెస్, ప్రివెంట్స్, లైస్ బిహైండ్, ఓపెన్స్ ఇన్‌టు... ధమని ‘సప్లైస్’, సిర ‘డ్రెయిన్స్’, ఇవి తిరగబడకూడదు. ఒక వాక్యంలో ఒకే సంగతి, ఎనిమిది పది మాటల్లో. పొడుగు వాక్యం మొదలుపెట్టి మధ్యలో దారి తప్పడం కంటే ఇది ఎంతో మేలు.

బొమ్మలు ఇరవై చాలు: కణం, న్యూరాన్, గుండె లోపలి భాగాలు, గుండెలో విద్యుత్ ప్రయాణించే దారి, నెఫ్రాన్, చర్మం, కన్ను, చెవి, పొడవు ఎముక, కాలేయం, జీర్ణాశయం, గర్భాశయం వంటివి. పెన్సిల్‌తో, అరచేయంత, పేర్లన్నీ కుడివైపు ఒకే వరుసలో, గీతలు స్కేలుతో, ఒకదాన్నొకటి దాటకుండా. నాలుగైదు నిమిషాల్లో వచ్చేదాకా వేయండి. రంగులకు టైమ్ పెట్టొద్దు. గుండె బొమ్మలో అందరూ చేసే తప్పు: మన ఎదుట నిలబడ్డ మనిషి గుండె కదా, గుండె కుడివైపు కాగితం మీద ఎడమకు వస్తుంది. బొమ్మ మొదలుపెట్టేముందే కాగితం రెండు పక్కలా ‘కుడి’, ‘ఎడమ’ అని సన్నగా రాసుకుని, చివర్లో చెరిపేయండి.

ఆరు వారాలంటే 42 రోజులు. మొదటి రెండు రోజులు సిలబస్ గీతలకు. తర్వాత 24 రోజులు 12 భాగాలకు. ఒక వ్యవస్థ అనాటమీ ఒక రోజు, దాని ఫిజియాలజీ మర్నాడే. అనాటమీ అంతా అయ్యాక ఫిజియాలజీ అనుకుంటే మొదటిది మళ్లీ చదవాల్సి వస్తుంది. కణజాలాలు, కండరాలకు రోజు చొప్పున తగ్గించి ఆ సమయం నాడీ వ్యవస్థకు, రక్తప్రసరణకు ఇవ్వండి. మిగిలిన 16 రోజుల్లో 11 రోజులు ఠావులు తిరగరాయడానికి. నాలుగు రోజులు రోజుకో పాత పేపరు, మూడు గంటలు గడియారం పెట్టుకుని, ఫోన్ రూమ్మేట్‌కిచ్చి. చివరి రోజు ఎర్ర ఇంకు ముక్కలు మాత్రమే. కాలేజీ, క్లినికల్స్ అయ్యాక సాయంత్రం రెండున్నర గంటలు, పొద్దున గంట చొప్పున కూర్చోగలిగితే ఇది సాగుతుంది. రాత్రంతా మేల్కొని మర్నాడు క్లాసులో తూగితే లెక్కంతా చెడుతుంది.

పరీక్షలో పదిహేను నిమిషాలు చూసుకోవడానికి వదిలితే 165 నిమిషాలు, 75 మార్కులు: మార్కుకు 2.2 నిమిషాలు. పది మార్కులకు 22, ఐదుకు 11, రెండుకు నాలుగు. అనాటమీ భాగం గంటా ఇరవై నిమిషాలకు ముగించి తీరాలి. బాగా వచ్చిన గుండె గురించి నాలుగు పేజీలు రాస్తూ కూర్చుని చివర్లో ఐదు మార్కుల ప్రశ్నలు రెండు వదిలేయడం ఈ పేపర్లో తరచూ జరిగే నష్టం.

పుస్తకం సొంతంగా కావాలంటే కోఠీలో పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ చూడండి. అనాటమీ, ఫిజియాలజీలకు నాలుగైదేళ్ల పాత ఎడిషన్ అయినా నష్టం లేదు. లోపల పేజీలు అన్నీ ఉన్నాయా, బొమ్మలున్న పేజీలు చించారా అన్నది మాత్రం అక్కడే తిరగేసి చూడండి. ఫోన్‌లో చదవగలిగితే ఓపెన్‌స్టాక్స్ సంస్థ అనాటమీ, ఫిజియాలజీ పాఠ్యపుస్తకం మొత్తం ఉచితంగా ఇస్తోంది. బొమ్మలు చాలా స్పష్టంగా ఉంటాయి. అది అమెరికన్ పుస్తకం కనుక హీమోగ్లోబిన్, ఈసోఫేగస్, ఎడీమా లాంటి మాటల్లో మన పుస్తకాల్లో ఉండే ఒక అక్షరం తగ్గి కనపడుతుంది. జవాబులో మాత్రం మీ కాలేజీ పుస్తకం స్పెల్లింగే రాయండి.

రెండో సెమిస్టర్‌లో వచ్చే న్యూట్రిషన్‌కు ఈ పాత ఎడిషన్ సలహా వర్తించదు. రోజుకు ఎవరికి ఎంత ప్రొటీన్, ఎంత ఇనుము అనే పట్టికల్ని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో మార్చింది. ఆ పుస్తకం కొనేటప్పుడు పట్టిక కింద ఏ సంవత్సరం ఉందో చూశాకే డబ్బులివ్వండి.